తాతయ్య ఫోటోకు పచ్చకామెర్లు

నలుపు–తెలుపు ఫోటో అచ్చు వేయడం రంగు ఫోటో కంటే తేలికని చాలామంది అనుకుంటారు. మొన్న సంక్రాంతి దాకా నేనూ ఆ బాపతే.

మా తాతయ్యది ఒక్కటే ఫోటో ఉంది. చెదలు తిన్న ఆ ఫోటోను స్కాన్ చేయించి, పట్నంలో ఒక దుకాణంలో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి ఇంటికి పట్టుకెళ్ళాను. దుకాణంలో దీపాల కింద బ్రహ్మాండంగా ఉంది. అరుగు మీద పగటి వెలుగులో చూసిన నాయనమ్మ, "ఒరే, మీ తాతకు పచ్చకామెర్లు ఎప్పుడొచ్చాయిరా?" అంది. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం దాన్ని గోడకు పెట్టనివ్వలేదు.

తప్పెక్కడ? ఆ యంత్రం బూడిద రంగును నల్ల సిరాతో కాక సయాన్, మెజెంటా, పసుపు కలిపి తయారు చేసింది. ఆ మూడింటి పాళ్ళు ఒక దీపం కింద సరిపోతే మరో దీపం కింద సరిపోవు. పైగా మూడూ ఒకే వేగంతో వెలిసిపోవు. ముందు ఏది వెలిస్తే దాని ఎదుటి రంగు పైకి తేలుతుంది.

"నల్ల సిరాతోనే వేస్తే పోలా?" అంటారు మిత్రులు. నేనూ అదే అన్నాను. మా సీనియర్ ఒకాయన దగ్గర నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు అని మూడు నల్ల సిరాలున్న ఎప్సన్ ప్రింటరు ఉంది. నల్ల సిరాలో ముఖ్యమైనది కార్బన్. ఎండకు అంత త్వరగా చలించదు. కానీ పలచన చేస్తే గోధుమ ఛాయ బయటపడుతుంది.

రాయ్ హారింగ్టన్ రాసిన క్వాడ్‌టోన్ రిప్ అనే ప్రోగ్రాములో, ఏ ఛాయ దగ్గర ఏ సిరా ఎంత పడాలో వక్రరేఖలుగా మనమే గీసుకోవచ్చు. తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల పట్టీ అచ్చు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిచాం. 1976 నాటి సి.ఐ.ఇ. కొలమానంలో 'ఎ' ధనమైతే ఎరుపు, ఋణమైతే ఆకుపచ్చ; 'బి' ధనమైతే పసుపు, ఋణమైతే నీలం. రెండూ సున్నా అయితేనే అసలైన బూడిద రంగు. నడిమి మెట్లలో మా 'బి' 4 దాటింది.

నేను ఆత్రంగా లేత సయాన్ పెంచాను. పసుపు తగ్గింది, ఆకుపచ్చ వచ్చి కూర్చుంది! ఆకు పసుపు తిరగ్గానే, అది ఇనుము లోపమో మరొకటో చూడకుండా యూరియా చల్లే ఊళ్ళో పుట్టినవాణ్ణే కదా. సయాన్‌కు తోడు లేత మెజెంటా కూడా పడాలి. ఆ రెండూ కలిసిన నీలమే పసుపును విరుస్తుంది. ఆ రేఖలు నడిమి ఛాయల్లో లేచి, తెలుపు దగ్గరా కారునలుపు దగ్గరా సున్నాకు దిగాలి. అదనపు సిరాతో ఛాయలు ముదురుతాయి గనుక నలుపు రేఖలను మళ్ళీ దిద్దాలి. నాలుగు ఆదివారాలు పట్టింది.

అయితే సున్నా కోసం వెంపర్లాడటం తప్పని నా అభిప్రాయం. కాగితమే పూర్తి తెలుపు కాదు. మెరుపు రసాయనం కలిపినది పగటి వెలుగులో నీలం కొడుతుంది, కలపని నూలు కాగితం మీగడ రంగులో ఉంటుంది. పైగా ఎంత రంగు కలిపితే అంత మేర వెలిసిపోయే గుణాన్నీ కలిపినట్టే. 'బి'ని 1కో 2కో దింపి, నుదుటి వెలుగు నుంచి మెడ నీడ దాకా ఒకే తీరుగా ఉంచితే చాలు. నుదురు గులాబీ, గడ్డం పచ్చ అయితేనే కన్ను పట్టేస్తుంది. మా ఫిజిక్స్ మాస్టారు దీనికి ఒప్పుకోరు. సున్నా సాధ్యమైనప్పుడు రెండు దగ్గర ఎందుకు ఆగాలంటారు. కొత్త ప్రతి చూసి నాయనమ్మ ఏమీ అనలేదు. మేకు ఎక్కడ కొట్టాలో చూపించింది.

ఇదంతా ఎందుకంటే, మన యూనియన్ హాలులోని పాత గ్రూపు ఫోటోలను ఈ ఏడు మళ్ళీ అచ్చు వేయించాలని తలపెట్టారు. చవగ్గా పోతుంది, రంగు సిరాలతోనే కానిచ్చేద్దామన్న మాట వినబడుతోంది. నేను వ్యతిరేకిస్తున్నాను. పూర్వ విద్యార్థులు వచ్చి ఆ వరుసల్లో తమ ముఖాలు వెతుక్కుంటారు, లేనివారి ముఖాలూ వెతుక్కుంటారు. ముందు ఒక్క ఫోటోను రెండు విధాలా వేయించి, హాలులో ట్యూబులైటు కింద ఒకసారి, మధ్యాహ్నం వరండాలో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. మెట్ల పట్టీ నేను పట్టుకొస్తాను.