రెండడుగుల మూడంగుళాల రాజ్యం

“వంటిల్లు ఆడదాని రాజ్యం” అని మొదట అన్న మహానుభావుడెవరో గానీ, ఆ రాజ్యం పొలిమేరలు ఆయన ఏనాడూ కొలిచి ఉండడు. నేను కొలిచాను. పొడవు 11 అడుగులు, వెడల్పు 6 అడుగుల 3 అంగుళాలు. ఈ చివర భోజనాల బల్ల దగ్గర్నించి ఒక గుమ్మం, ఆ చివర బట్టలుతికే బాల్కనీలోకి ఇంకో గుమ్మం. మధ్యలో నేను. అంటే మా ఇంట్లో వంటిల్లు గది కాదు, దారి. ఎవరు తువ్వాలు ఆరెయ్యాలన్నా నా వీపు వెనకనించే వెళ్ళాలి. సరిగ్గా నేను మూకుట్లో ఆవాలు వేసిన క్షణానే మా అబ్బాయికి తీగ మీదున్న తన చొక్కా గుర్తొస్తుంది.

హైదరాబాదులో 1994లో కట్టిన ఫ్లాటు మాది. పెద్ద హాలు, మూడు పడగ్గదులు గీసుకుని, అవన్నీ పోగా మిగిలిన సందుకి పొయ్యి తగిలించి దాన్ని వంటిల్లన్నారు. ఇన్నేళ్ళూ సర్దుకుపోయాం. ఈ మధ్య సింకు కింద తలుపు ఉబ్బి ఊడింది. గోడ చెమ్మెక్కింది. ఆ పైన కడప బండ అర ఒకటి విరిగి, మూడు పచ్చడి జాడీల్ని వెంటబెట్టుకుని మరీ కింద పడింది. ఆవకాయ పోయిన దుఃఖంలో మా వారే అన్నారు, “ఈసారి మొత్తం పీకించి కొత్తగా చేయించేద్దాం” అని.

అలా మా ఇంటికొచ్చాడు ఇంటీరియర్ డిజైనరు. పాతికేళ్ళ కుర్రాడు, మంచివాడే. లాప్‌టాప్ తెరిచి బొమ్మ చూపించాడు. ఆ బొమ్మలో మా వంటిల్లు పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. అటూ ఇటూ ఎదురెదురుగా గట్లు, వాటి కింద లాగుడు అరలు, పైన తలుపుల అరలు, వాటి పైన అటకలు. మధ్యలో ఒకమ్మాయి జుట్టు విరబోసుకుని చేతిలో ఆపిల్ పండుతో నవ్వుతోంది. ఆ వంటింట్లో ఆపిల్ పండు తప్ప మరేదీ వండినట్టు లేదు.

“రెండువైపులా గట్టు వస్తుంది మేడమ్. ఒక్క అంగుళం కూడా వేస్టు కాదు” అన్నాడు.

“మధ్యలో నడవడానికి ఎంత మిగులుతుంది బాబూ?”

“సరిపోతుంది మేడమ్. లోపల ఉండేది ఒక్కరే కదా!”

ఆ మాటలో అతనికి తప్పేమీ కనపడలేదు. మా వారికీ కనపడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాక్కూడా కనపడలేదు. రాత్రి పడుకున్నాక గుచ్చుకుంది. ఒక్కరే కదా! ఎవరా ఒక్కరు? ఎవరు నిర్ణయించారు? హాలు గీసేటప్పుడు “కూర్చునేది ఒక్కరే కదా” అని ఎవరైనా ఒక కుర్చీ పట్టేంత గీశారా? నలుగురు తినే అన్నం ఒక్కరే వండాలన్నది మనం ఇంట్లో మాటల్లో చెప్పుకోవడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడా మాటని ఇటుకలతో, ప్లైవుడ్‌తో చెబుతున్నారు. మాటైతే ఎదురు చెప్పొచ్చు. గట్టుకి ఎదురెలా చెప్పడం?

నేను చదివింది బి.ఏ. చరిత్ర. లెక్కలంటే భయం. అయినా మర్నాడు టేపు పట్టుకుని కూర్చున్నాను. వెడల్పు 75 అంగుళాలు. గట్టు ఒక్కోటి 24 అంగుళాలు. రెండు గట్లు పోతే మిగిలేది 27. అంటే రెండడుగుల మూడంగుళాలు. తలుపులకి పిడులుంటాయి గనక అవి అటొకటి ఇటొకటి తినేస్తాయి. కింది అర లాగితే మనిషి వెనక్కి జరగాలి, జరగడానికి వెనకాల ఇంకో గట్టు. ఇదీ నా రాజ్యం!

నాదాకా అయితే ఊరుకునేదాన్నేమో. ఊరుకోవడం మనకి వెన్నతో పెట్టిన విద్య. కానీ మా ఇంట్లో ఇంకో మనిషి ఉంది.

మా అత్తయ్యగారికి 79 ఏళ్ళు. నాకు కందిపప్పుకీ పెసరపప్పుకీ తేడా తెలియని రోజుల్లో పక్కన నిలబెట్టుకుని వంట నేర్పిన మనిషి. తిట్టి నేర్పారు, అది వేరే సంగతి. మోకాళ్ళు పోయి రెండేళ్ళుగా వాకరు పట్టుకుని నడుస్తున్నారు. ఆ వాకరు కింద కాళ్ళ దగ్గర 24 అంగుళాల వెడల్పుంది. ఇప్పుడున్న వంటింట్లో కుడివైపు గట్టు, ఎడమవైపు ఫ్రిజ్జు, గ్రైండరు, బియ్యం డబ్బా. అందులోకి వాకరు దూరదు. మొదట్లో ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, “ఇంగువ వేశావా? చింతపండు ఎక్కువైనట్టుంది వాసన” అనేవారు. విసుక్కునేదాన్ని. తర్వాత గుమ్మం దాకా రావడం మానేశారు. ఇప్పుడు పొద్దస్తమానం హాల్లో టీవీ ఎదుట. చారులో ఉప్పు ఓ రవ్వ ఎక్కువైతే గిన్నె పక్కకి తోసేసిన మనిషి, మొన్న ఏం కూర చెయ్యమంటారంటే, “నాకెందుకమ్మాయ్, ఏం పెడితే అది తింటాను” అన్నారు. ఆ మాట విని నాకు భయమేసింది.

చెప్పండి, 24 అంగుళాల వాకరుకి 27 అంగుళాల దారి! లోపలికి దూరినా తిరిగి రావాలంటే వెనక్కి నడవాలి. అయితే కుర్రవాడి బొమ్మలో వేస్టు కాని అంగుళాలు ఎవరివి?

ఇది మా బిల్డరు ఒక్కడి పాపం అనుకుంటే పొరపాటు. మన దేశానికి జాతీయ భవన నిర్మాణ నియమావళి అని ఒకటుంది. మనుషులుండే గది ఒక్కటే అయితే దానికి కనీసం 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు ఉండాలంటుంది. భోజనాల చోటు విడిగా ఉంటే వంటింటికి 5 చదరపు మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు చాలట. అంటే ఆరడుగులకి అంగుళం తక్కువ. పైగా ‘మనుషులుండే గది’ అంటే ఏమిటో అందులో నిర్వచనం ఉంది. చదువుకునేది, పడుకునేది, తినేది అని చెబుతూ, వంటింటిని కూర్చునే గదిగా కూడా వాడితేనే ఆ లెక్కలోకి వస్తుందంటుంది. లేకపోతే రాదు. రోజుకి ఆరేడు గంటలు నేను నిలబడే గది మనుషులుండే గది కాదట! మరి నేనెవర్ని? కనీసం ఇంతుండాలని నియమంలో రాస్తే, ఇంతకి మించకూడదని మన బిల్డర్లు చదువుకున్నారు కాబోలు.

ఈ ఇరుకు వంటింటికి చరిత్ర కూడా ఉంది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంవారు కొత్త ఇళ్ళ కాలనీలు కట్టిస్తున్నప్పుడు వాటికి వంటిల్లు గీసింది మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆవిడ. రైలు భోజనశాలల్లో ఉండే వంటగదిని చూసి, ఏ పనికి ఎన్ని అడుగులు పడతాయో లెక్కగట్టి, 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవుతో గీసింది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. మీటర్లని అడుగుల్లోకి మార్చి చూసి నవ్వాపుకోలేకపోయాను. 6 అడుగుల 3 అంగుళాలు, 11 అడుగుల 2 అంగుళాలు. నా వంటిల్లే! ఆ రెండంగుళాలూ కొట్టేసింది మా బిల్డరు.

ఆవిడ ఉద్దేశం మంచిదే. ఆడవాళ్ళకి పని తొందరగా తెమలాలని, తెమిలి బయటి ప్రపంచంలోకి వెళ్ళాలని. చాలా గట్టి మనిషి. నాజీలకి ఎదురు తిరిగి 1941లో అరెస్టయింది, జైల్లో మగ్గింది, 102 ఏళ్ళు బతికి 2000లో పోయింది. ఆ వంటిల్లు గీసేనాటికి తనెప్పుడూ వంట చెయ్యలేదని తనే చెప్పుకుంది కూడా. అయినా కిటికీ కింద కూర్చుని తరుక్కోవడానికి బల్ల పెట్టింది, తిరిగే స్టూలు పెట్టింది, హాల్లో పిల్లలు కనపడేలా పక్కకి జరిగే తలుపు పెట్టింది. అంత ఆలోచించిన మనిషి కూడా రెండోవాళ్ళకి చోటు పెట్టలేదు. ఆ సంగతి తర్వాతి కాలం ఆడవాళ్ళు ఎత్తిచూపారు. మన దగ్గరికొచ్చేసరికి ఇంకో అడుగు ముందుకేశాం. ఇరుకుని ఉంచుకుని స్టూలు తీసేశాం.

ఇంతకీ నేను పాతకాలం వంటిళ్ళు గొప్పవని పాట పాడటం లేదు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి వంటిల్లు పదిమంది బాసింపట్లు వేసుకుని కూర్చునేంత ఉండేది. నిజమే. కానీ మా అమ్మమ్మ నేల మీద వంగి, ఊదుగొట్టంతో పొయ్యి ఊది, పొగకి కళ్ళు పోగొట్టుకుంది. ఆ పొగ నాకొద్దు. ఆ జనం కావాలి. ఒకరు కొబ్బరి కోరుతుంటే ఒకరు చాటలో బియ్యం ఏరుతూ, ఊళ్ళో సంగతులన్నీ అక్కడే తేలేవి. నేను నవలలు రాస్తున్నానంటే ఆ వంటింట్లో మూల కూర్చుని విన్న కబుర్ల పుణ్యమే. అయితే ఒక సిగ్గుపడాల్సిన సంగతి కూడా చెప్పాలి. నా నవలల్లో ఒక్క నాయిక కూడా వంటింట్లో నిలబడదు. పొద్దున్నే కాఫీ కప్పుతో బాల్కనీలోకి వచ్చేస్తుంది. ఆ కాఫీ ఎవరు కలిపారో పద్దెనిమిది నవలలైనా నేను చెప్పలేదు.

మా వారిది ఇంకో వాదన. “నేను సాయం చేద్దామనే అనుకుంటాను, చోటేదీ?” అంటారు. పెళ్ళయిన ఇరవైమూడేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! ఆయన మీద పడి ఏడవడం తేలికే గానీ, నా వంతు కూడా ఉంది. ఆయన ఎప్పుడైనా వచ్చి నిలబడితే, “అబ్బ, అడ్డం లేవండీ!” అని తరిమింది నేనే. ఇరుకులో కోపమొస్తుంది. కోపానికి మనిషి పారిపోతాడు. పారిపోయిన మనిషికి ఆ ఇరుకే మంచి సాకు. ఇప్పుడు ఆ సాకుని నా చేతులతో, నా సీరియల్ డబ్బు పెట్టి, గ్రానైటుతో మళ్ళీ కట్టించాలా?

అందుకని కుర్రవాణ్ణి మళ్ళీ పిలిచాను. గట్టు ఒకవైపే, తూర్పు గోడకి. అత్తయ్యగారి వాస్తూ నిలుస్తుంది. ఎదుటి గోడకి గట్టొద్దు, 12 అంగుళాల లోతున అరలు చాలు. డబ్బాల వెనకాల డబ్బాలు పెట్టుకుని వెతుక్కునే బాధ కూడా పోతుంది. ఫ్రిజ్జు భోజనాల బల్ల పక్కకి, గ్రైండరు బాల్కనీకి. 24కి 12 కలిపితే 36. మిగిలేది 39 అంగుళాలు! వాకరు వస్తుంది, వెనక్కి తిరుగుతుంది, పక్కనుంచి మా అబ్బాయి చొక్కాకి వెళ్తాడు. గట్టు చివర కింద అరలు పెట్టకుండా ఖాళీ వదిలితే అక్కడొక స్టూలు పడుతుంది. కూర్చున్నవాళ్ళ చేతికి అందేలా అక్కడ గట్టుని ఆరంగుళాలు దించమన్నాను.

“స్టోరేజి సగం పోతుంది మేడమ్!” అన్నాడు కుర్రాడు, ఆస్తి పోయినట్టు మొహం పెట్టి.

అప్పుడు అటక మీద సామాన్లు దింపించాను. ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన ఆరు స్టీలు టిఫిన్ డబ్బాలు, మూతలేని రెండు కుక్కర్లు, కుక్కర్లు లేని మూడు మూతలు, పాడైన మిక్సీ, దాని అట్టపెట్టె, ఆ ముందు మిక్సీ అట్టపెట్టె. వీటికి పడగ్గది వేసి, అత్తయ్యగారిని హాల్లో కూర్చోబెడదామా?

మిగతావి చిన్న చిన్నవి, కానీ పట్టుబట్టాను. గ్యాసు బండని అందం కోసం తలుపుల వెనక దాచేస్తానన్నాడు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కిందకే దిగి నిలుస్తుంది. అందుకే తలుపుకి కింది భాగంలో కన్నాలుండాలన్నాను. పొయ్యి సరిగ్గా కిటికీ ఎదుట పెట్టాడు, గాలికి మంట ఆరిపోతే ఎవరు జవాబుదారీ? పక్కకి జరిపించాను. దీపం నా తల వెనకనుంటే నా నీడలోనే నేను ఉల్లిపాయలు తరగాలి, కనక అరల కింద దీపాలు కావాలన్నాను. “గోడ మొత్తం తీసేసి ఓపెన్ కిచెన్ చేద్దామా మేడమ్?” అన్నాడు. వద్దు నాయనా! మిరపకాయల పోపు పెడితే హాల్లో వచ్చిన చుట్టం దగ్గి దగ్గి చస్తాడు. ఆ నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలో నడుం ఎత్తున ఒక కిటికీ చాలు. అదీ ఇంజనీరు చూసి సరేనన్నాకే.

నిన్న మేస్త్రీ వచ్చి సుద్దముక్కతో నేల మీద గీతలు గీశాడు. ఇక్కడిదాకా గట్టమ్మా, ఇక్కణ్ణుంచి అరలమ్మా అని. పాత సామాన్లన్నీ హాల్లో కుప్పపడి ఉన్నాయేమో, వంటిల్లు బోసిగా ఉంది. అత్తయ్యగారు వాకరు టకటకలాడించుకుంటూ వచ్చి, గీతల మధ్య నుంచి బాల్కనీ గుమ్మం దాకా నడిచి, అక్కడ తిరిగి వెనక్కొచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. స్టూలు చోటు దగ్గర ఆగి, “ఇక్కడ కూర్చుంటే పోపులడబ్బా అందదే!” అన్నారు. జరిపిస్తానన్నాను. మా వారు గుమ్మంలో నిలబడి చూస్తుంటే, “నువ్వక్కడే నిలబడిపోయావేంరా? లోపలికి రా, చోటుందిగా” అన్నారు. ఆయన వచ్చారు. అలవాటు లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు.

కుర్రాడు మళ్ళీ ఎక్కడ మరిచిపోతాడోనని మేస్త్రీ చేత గోడ మీద పెన్సిలుతో ‘39’ అని రాయించాను. అత్తయ్యగారు కళ్ళు చికిలించి చూసి, ఇంకా పెద్దగా రాయమన్నారు.