పండక్కి పది రోజుల ముందు తిరుగు ప్రయాణం

అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ జనాల ఇండియా ప్రయాణానికి ఒక స్టాండర్డ్ టెంప్లేట్ ఉంది. డిసెంబరు మూడో వారంలో బయల్దేరడం, జనవరి రెండో తారీఖుకో మూడో తారీఖుకో వెనక్కి వచ్చి పడటం. పిల్లలకి బడి సెలవలు, ఆఫీసులో ప్రొడక్షన్ ఫ్రీజు, మేనేజరు కూడా ఊళ్ళో ఉండడు, మెయిళ్ళు పేరుకుపోవు. అన్నీ కలిసొస్తాయి, ఒక్క పండగ తప్ప. ధనుర్మాసం సగంలో దిగుతాం, ఇంకా సగం ఉండగానే ఎక్కేస్తాం. వాకిట్లో ముగ్గులు చూస్తాం, భోగి మంట చూడం. అదృష్టం బాగుంటే వైకుంఠ ఏకాదశి తగుల్తుంది, అంతే. (క్రిస్మస్ చేసుకునే ఇళ్ళవాళ్ళకి ఈ బాధ లేదు. వాళ్ళని చూస్తే నాకు నిజంగానే కుళ్ళు.)

అందుకని నేను కనబడిన ప్రతివాడికీ చెప్పేది ఒకటే: రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి వెళ్ళేవాళ్ళు డిసెంబరు మానేసి సంక్రాంతికి వెళ్ళండి బాబూ అని. వెంటనే వచ్చే సమాధానం "ఏముంది, మేం వెళ్ళినప్పుడే పండగ, అమ్మ అన్నీ చేసేస్తుంది" అని. ఈ మాట మీదే నాకు అభ్యంతరం.

అమ్మ చేసేస్తుంది, నిజమే. డిసెంబరు 27న అరిసెలు, 28న సున్నుండలు, మధ్యలో జంతికలు. అరిసెలంటే మాటలా? బియ్యం నానబెట్టి, తడి పిండి ఆరకుండా పట్టించుకొచ్చి, పాకం కుదిరిందో లేదో నీళ్ళల్లో వేసి చూసి, చలిమిడి కలిపి... ఒక్క చేత్తో అయ్యే పని కాదు. పండగ రోజుల్లో అయితే చుట్టుపక్కల అందరిళ్ళల్లో అదే పని, ఒకళ్ళకొకళ్ళు సాయం పడతారు. డిసెంబరులో ఎవరొస్తారు? మోకాళ్ళ నెప్పులతో ఆవిడ ఒక్కతే పొయ్యి ముందు కూర్చుంటుంది. మనం సగం తిని సగం ప్యాక్ చేయించుకుని, సూట్‌కేసు ఇరవై మూడు కిలోలు దాటిందా లేదా అని కాటా వేసుకుని వచ్చేస్తాం.

తర్వాత పది రోజులకి అసలు పండగ వస్తుంది. మనం ఇక్కణ్ణుంచి వీడియో కాల్ చేసి "ఏం చేశావమ్మా?" అంటాం. "ఏముందిరా, మీరున్నప్పుడు చేశాంగా. మా ఇద్దరికీ ఏం చేసుకుంటాం, పులిహోర కలిపాను" అంటుంది. పక్కింట్లో మనవలు గాలిపటాలు ఎగరేస్తుంటే మన వాళ్ళింట్లో టీవీ మోగుతుంటుంది. పండగ ముందుకి జరపడం అనుకుంటాం గానీ, మనం చేసేది వాళ్ళ పండగ కూడా సూట్‌కేసులో సర్దుకుని తెచ్చెయ్యడమే.

ఇక్కడ మనం ఉగాదిని శనివారానికి జరుపుకుంటాం, బతుకమ్మని వీకెండ్‌కి మార్చుకుంటాం. అందులో తప్పేం లేదు, హాలు దొరికేదీ జనం దొరికేదీ అప్పుడే. కానీ ఆ అలవాటుని ఊళ్ళోకి కూడా పట్టుకెళ్ళడమే నాకు నచ్చదు. అక్కడ తారీఖు మనం పెట్టేది కాదు. ఆ మూడు రోజులకే హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ బాబాయిలూ, మేనత్తలూ, వాళ్ళ పిల్లలూ కదులుతారు. పంతంగి టోల్‌గేటు దగ్గర ఆ కార్ల బారు ప్రతి ఏడూ వార్తల్లో చూస్తూనే ఉంటాం కదా. వాళ్ళంతా ఒక్క ఇంట్లో ఉంటారు. అదే డిసెంబరులో అయితే ఏం చేస్తాం? కారు మాట్లాడుకుని ఆరు రోజుల్లో పద్నాలుగు ఇళ్ళు తిరుగుతాం. ప్రతి ఇంట్లో అరగంట, ఒక టీ, ఒక జాకెట్ ముక్క, "అప్పుడే వెళ్ళిపోతారా" అనే ప్రశ్న. మన భాషలో చెప్పాలంటే అది పోలింగ్. అందరూ తమంతట తామే ఒకచోటికి వచ్చే రోజు ఉండగా, ఒక్కొక్కరి తలుపూ కొట్టి తిరగడం ఎందుకు?

పైగా చిన్నపిల్లలున్నవాళ్ళకి ఇంకోటుంది, భోగిపళ్ళు. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి ముత్తైదువలు దిష్టి తీసి తల మీద పోస్తారు. మామూలుగా అయిదేళ్ళ లోపు పిల్లలకే కదా. మూడేళ్ళకోసారి వెళ్ళేవాళ్ళకి ఆ వయసులో దొరికేది ఒక్క ఛాన్సు, మహా అయితే రెండు. ఇక్కడ రేగుపళ్ళు దొరక్క క్రాన్‌బెర్రీలు పోస్తారు, అదీ ముద్దుగానే ఉంటుంది. కానీ నాయనమ్మ చెయ్యి వేరు.

ఇంక కనుమ. "కనుమ నాడు కాకి కూడా కదలదు" అంటారు గానీ, ఆ రోజు కోనసీమ కోనసీమంతా కదుల్తుంది. అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, అంటే ఏకాదశ రుద్రులు, వెదురు గడలకి రంగురంగుల గుడ్డలు కట్టిన ప్రభల మీద ఆ కొబ్బరితోటలోకి వస్తారు. గుడి లేదు, గోపురం లేదు, ఉత్త తోట. గంగలకుర్రు వాళ్ళ ప్రభలైతే కౌశికలో దిగి నీళ్ళు దాటుకుంటూ రావాలి. అంత పొడుగు ప్రభ పక్కకి ఒరగకుండా మోసేవాళ్ళు మెడలోతు నీళ్ళల్లో నడుస్తుంటే గట్టు మీద జనం ఊపిరి బిగబట్టుకుని చూస్తారు. దారిలో ఊడ్చిన వరిచేలుంటే వాటి మీదుగానే తొక్కుకుంటూ పోతారు. చేను గల రైతు తిట్టడు సరికదా, మంచి జరుగుతుందని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా చూపించింది దీన్నే. మధ్యాహ్నం గారెలు తిని (కనుమకి మినుము తినాలి కదా) పిల్లల్ని వేసుకుని వెళ్ళి, చీకటి పడేసరికి ఇంటికొచ్చెయ్యొచ్చు. డిసెంబరులో వెళ్ళి ఆ తోట చూస్తే కొబ్బరిచెట్లుంటాయి. అంతే.

సరే, అభ్యంతరాలు. ఒకటి, బడి. రెండు వారాలు పోతే రెండో క్లాసు పిల్లకి కొంపలేం మునగవు. కాకపోతే కొన్నిచోట్ల చెప్పకుండా మానేస్తే గొడవ చేస్తారు, ముందే రాసిచ్చి వెళ్ళాలి. హైస్కూలు పిల్లలుంటే మాత్రం ఇబ్బందే, ఒప్పుకుంటాను. రెండు, ఆఫీసు. జనవరిలో రిలీజులుంటాయి, డిసెంబరులో అడిగినంత తేలిగ్గా ఇవ్వరు. అందుకే ఆగస్టులోనే అడగాలి. మూడు, టికెట్టు. ఇది నా వైపే ఉంది. క్రిస్మస్ ముందు వెళ్ళి న్యూ ఇయర్ అవ్వగానే వచ్చే టికెట్లే కదా ఏడాదిలో అందరూ ఎగబడేవి.

"అక్కణ్ణుంచే పనిచేస్తాం, సెలవే అక్కర్లేదు" అనేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. చలికాలంలో న్యూయార్కు టైముకీ మనకీ పదిన్నర గంటలు తేడా. పొద్దున తొమ్మిదంటే మనకి రాత్రి ఏడున్నర. తెల్లవారుజామున మూడున్నరకి లాగాఫ్ అయితే భోగి మంటకి కరెక్టుగా సరిపోతుంది, కాదన్ను! కానీ ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నిద్ర, సాయంత్రం భోగిపళ్ళ టైముకి స్టాండప్. ఇంట్లో వాళ్ళంతా "ష్, కాల్‌లో ఉన్నాడు" అని గుసగుసగా మాట్లాడుకుంటూ చేసుకునే పండగ ఏం పండగ?

స్టాంపింగ్ సంగతి మాత్రం తేలిగ్గా తీసెయ్యలేను. హైదరాబాదులో కాన్సులేట్ లేని రోజుల్లో మద్రాసు పోయి క్యూలో నిలబడటమే పెద్ద కష్టమనుకునేవాళ్ళు. 2025 సెప్టెంబరు నుంచి డ్రాప్‌బాక్స్ వెసులుబాటు చాలామందికి పోయింది. డిసెంబరులో సోషల్ మీడియా తనిఖీలు హెచ్-1బి వాళ్ళకీ పెట్టేసరికి అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి, క్రిస్మస్ సెలవలకని వెళ్ళినవాళ్ళు అక్కడే చిక్కుకున్నారు. ఉద్యోగం ఇక్కడ, మనిషి అక్కడ. కాబట్టి పాస్‌పోర్టులో చెల్లే స్టాంపు లేనివాళ్ళు నా మాట వినకండి. స్టాంపింగ్‌నీ పండగనీ ఒకే ప్రయాణంలో కట్టకండి కూడా. వీసా ఆఫీసు వైపు చూస్తూ కూర్చుంటే అరిసె కూడా గొంతు దిగదు. పోనీ అమ్మానాన్నల్నే రప్పిద్దామంటే వాళ్ళు చలికి భయపడి ఏప్రిల్లో వచ్చి అక్టోబరుకి వెళ్ళిపోతారు. అప్పుడూ సంక్రాంతి ఉండదు.

స్టాంపున్నవాళ్ళకీ, గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో వచ్చినవాళ్ళకీ ఈ సాకు లేదు. 2027 లెక్క చూడండి. జనవరి 1 శుక్రవారం, సెలవు. మార్టిన్ లూథర్ కింగ్ డే 18, సోమవారం, చాలా కంపెనీల్లో అదీ సెలవే. మధ్యలో పది పనిదినాలు. భోగి 14, సంక్రాంతి 15, కనుమ 16. పది రోజుల సెలవుతో పండగ మొత్తం లోపల పడుతుంది, ముందు పది రోజులు ఊరికే ఇంట్లో కూర్చోడానికి మిగుల్తాయి. ఆదివారం ముక్కనుమ, తినేవాళ్ళు ముక్క తిని రాత్రి ఫ్లైటెక్కితే సోమవారానికి ఇక్కడుంటారు. రిటర్న్ టికెట్ 16కి మాత్రం తియ్యకండి. చౌకగా కనబడినా సరే. కనుమ నాడు గడప దాటనివ్వరు, ఫ్లైటు పోతుంది.