విదేశీ అతిథులా? ఎవరికి?

ఏటా చలికాలం రాగానే మన పత్రికలకు ఒక శీర్షిక సిద్ధంగా ఉంటుంది: "విదేశీ అతిథుల సందడి". ఎల్లారెడ్డికి సమీపంలో, 1922లో పూర్తయిన పోచారం జలాశయం మీద వాలే పెద్దబాతులకూ, తల వెనుక రెండు నల్లచారలుండే ఆ బూడిదరంగు పక్షులకూ, ఇదే బిరుదు. ఆ రెండు మాటల మీదా నాకు అభ్యంతరం ఉంది.

అవి గుడ్లు పెట్టేది టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర. హిమాలయాలను దాటేటప్పుడు 7,000 మీటర్లకు పైన ఎగిరిన వాటిని పరిశోధకులు నమోదు చేశారు. పుట్టుక అక్కడిదే, కాదనను. కాని నెలల తరబడి ఇక్కడి గడ్డీ గింజా తిని, ఆ బలంతోనే వసంతంలో తిరుగుప్రయాణం కట్టే ప్రాణి పరాయిది ఎలా అవుతుంది?

మన "స్వదేశీ"ల సంగతీ చూడండి. ఉగాది కవి సమ్మేళనాల్లో కోయిల "వచ్చింది" అంటాం. అది ఎక్కడికి పోయిందని? చలికాలమంతా మన చెట్లలోనే నోరు మెదపక కూర్చుంది. ఇక పిల్లలు తోకకు దారం కట్టి ఆడించే పసుపు తూనీగ! ఈ జాతి మన దేశం నుండి మాల్దీవుల మీదుగా, సముద్రం దాటి ఆఫ్రికా చేరుతుందని చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించాడు. రుతుపవనాలతో తిరిగి వచ్చేవి దాని సంతతి. దానిని విదేశీ అన్నవారు లేరు. కదలని కోయిలకు స్వాగతపత్రం, సముద్రం దాటే తూనీగకు పౌరసత్వం, చెరువును నమ్ముకున్న బాతుకు అతిథి మర్యాద! ఏ తర్కమిది?

"అతిథి" వినసొంపైన మాటే. అతిథి గడప దాటగానే మన బాధ్యత తీరుతుంది. అందుకే ఆ మాట మనకంత ఇష్టం. కెమెరాలు చలికాలంలో వస్తాయి, పక్షులతోపాటే పోతాయి. తెలంగాణ చెరువుల తలరాత తేలేది మాత్రం ఆ తరువాతి ఎండాకాలంలో, నీరు తీసి శిఖం భూమి బయటపడ్డాక. కబ్జా గట్లు లేచేది అప్పుడే. చేలలో కొట్టిన పురుగుమందు జారి చేరేదీ తూనీగ పిల్లలు పెరిగే ఆ నీటిలోకే. అప్పుడు వార్త రాసే విలేఖరి ఏడీ?

ఉగాదికి కవిత కట్టబోయే మిత్రులకు ఒక మనవి. కోయిలను ఒక్క ఏడు విశ్రమించనివ్వండి. ఆ వారాల్లో పోచారం ఒడ్డుకు వెళ్ళి, బాతులు ఖాళీ చేసిన నీటిని, చుట్టూ ఆరుతున్న శిఖాన్ని చూసి రాయండి. అతిథులని మాత్రం రాయకండి. మన చెరువు బాతులు, అంతే. ఏమంటారు?