సబ్‌ఊఫర్ బరబరమంటే పెద్ద ఆంప్లిఫైయరే మందా?



నర్సింగ్ సూపరింటెండెంట్‌కు కారులో పాటల పెట్టెతో పనేమిటని మీరు అనుకోవచ్చు. గత నెలలో మా మేనల్లుడు తన కారు తెచ్చి మా క్వార్టర్స్ ముందు ఆపాడు. డిక్కీలో కొత్తగా సబ్‌ఊఫర్ పెట్టించుకున్నాడు. నెమ్మదిగా పెడితే పాట బాగానే ఉంది. సౌండ్ పెంచేసరికి దరువు పోయి, చినిగిన డప్పు కొట్టినట్టు బరబరమంది. "షాపువాళ్లు ఆంప్లిఫైయర్ చాలట్లేదంటున్నారత్తా. పెద్దది వేయాలట, 12,000 అవుతుందట" అన్నాడు.

"ఏమేం చూసి చెప్పారు?" అని అడిగాను. ఏమీ చూడలేదట, విని చెప్పేశారట.

నాకు అక్కడే కోపం వచ్చింది. జ్వరమన్న మనిషికి థర్మామీటర్ కూడా పెట్టకుండా ఇంజెక్షన్ పొడిస్తే మనం ఒప్పుకుంటామా? యంత్రమైనా అంతే. కారణం వెతక్కుండా సామాను మార్చడం వైద్యం కాదు, డబ్బు దండగ.

ఆ ఆదివారం మధ్యాహ్నం తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ముగ్గురం ఒక్కొక్కటే చూశాం. మీ ఇళ్లలోని పిల్లలకు పనికొస్తుందని ఆ వరుస ఇక్కడ రాస్తున్నాను. ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి చివర.

మొదట, ఆ మోత నిజంగా సబ్‌ఊఫర్‌దేనా అని చూడాలి. చాలాసార్లు అదిరేది నంబరు ప్లేటో, డిక్కీ మూతో, స్టెప్నీ దగ్గరి పానాలో అయి ఉంటాయి. పాట మోగుతుండగా ఒక్కొక్కదాన్ని చేత్తో అదిమి పట్టుకుంటే తెలిసిపోతుంది. పెట్టె మరలు వదులైనా, అతుకుల్లోంచి గాలి పోతున్నా ఇలాంటి చప్పుడే వస్తుంది.

రెండోది, పాటే చెడ్డదేమో చూడాలి. సబ్‌ఊఫర్ ఆపి, తలుపుల్లోని స్పీకర్లతో మాత్రమే వినండి. అప్పుడూ పగిలినట్టుంటే తప్పు స్టీరియోలోనో, పాట రికార్డింగులోనో ఉంది. మంచి రికార్డింగు పెట్టి, బాస్ బూస్ట్, లౌడ్‌నెస్ సున్నాకు తెచ్చి మళ్లీ వినండి.

మూడోది ఆంప్లిఫైయర్ మీది గెయిన్ మర. అందరూ పొరబడేది ఇక్కడే. అది సౌండ్ పెంచే మర కాదు. స్టీరియో పంపే సంకేతానికి ఆంప్లిఫైయర్‌ను సరిపెట్టే మర. మావాడు దాన్ని చివరికంటా తిప్పేశాడు. అలా తిప్పితే ఆంప్లిఫైయర్ తన శక్తికి మించి పనిచేయబోయి, శబ్ద తరంగం పైభాగాన్నీ కిందిభాగాన్నీ కోసేస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. మనకు వినబడే బరబర అదే. అలా కోతపడిన శబ్దం స్పీకర్ కాయిల్‌ను ఎక్కువగా వేడెక్కిస్తుంది, కాల్చేస్తుంది కూడా. గెయిన్‌ను పూర్తిగా తగ్గించి, స్టీరియోను ముప్పాతిక వంతు దాకా పెట్టి, గెయిన్ మెల్లగా పెంచుతూ పోవాలి. శబ్దం చెడడం మొదలవగానే కాస్త వెనక్కి తిప్పి వదిలేయాలి. లో పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ ప్రాంతంలో పెడితే చాలు.

నాలుగోది కరెంటు. దరువు పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మందగిస్తుంటే ఆంప్లిఫైయర్‌కు కరెంటు చాలడం లేదన్నమాట. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టులు ఉంటుంది. ఆంప్లిఫైయర్ దగ్గర దానికి బాగా తక్కువ చూపిస్తే వైరు సన్నదో, ఎర్త్ వదులో అనుకోవాలి. ఎర్త్ వైరును పెయింటు మీద బిగిస్తే లాభం లేదు. పెయింటు గీకి, ఇనుముకు తగిలేలా బిగించాలి. పవర్ వైరుకు బ్యాటరీ నుంచి మూరెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు పోతోందని పెద్దది వేస్తే వైరు అంటుకుని కారు కాలిపోయే ప్రమాదముంది.

చివరగా స్పీకరు. అన్నీ ఆపి, కోన్‌ను నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కండి. గీరుకున్నట్టు తగిలినా, కాలిన వాసన వచ్చినా కాయిల్ దెబ్బతిన్నట్టే. ఓమ్‌ల లెక్క కూడా చూడాలి. రెండు 4 ఓమ్‌ల కాయిల్స్‌ను పారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లే అవుతాయి. 4 ఓమ్‌లకే తయారైన ఆంప్లిఫైయర్ దాన్ని తట్టుకోలేదు.

మావాడి కారులో దొరికినవి రెండే: చివరికంటా తిప్పిన గెయిన్, పెయింటు మీద బిగించిన ఎర్త్. కాస్త గరుకు కాగితం, ఒక కొత్త బోల్టు సరిపోయాయి. ఆ 12,000 మిగిలాయి.

అయితే నా భయం అప్పుడే మొదలైంది. బరబర ఉన్నంతకాలం చెవికి చిరాకేసి సౌండ్ తగ్గించేవాడు. ఇప్పుడు శుభ్రంగా వినబడుతోంది గనుక ఎంత పెంచినా ఎక్కువనిపించదు. ఆ మాటే అన్నాను. అప్పుడు మెల్లగా చెప్పాడు, "అత్తా, కారు దిగాక రెండు చెవుల్లో గుయ్‌మంటోంది. రాత్రి నిద్ర కూడా పట్టట్లేదు."

మర్నాడే చెవి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లి వినికిడి పరీక్ష చేయించాను. 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగి ఉంది. పెద్ద శబ్దాల వల్ల దెబ్బతిన్న చెవుల్లో సాధారణంగా కనబడే గుర్తు అది. వాడి వయసు 24. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు చనిపోతే మళ్లీ పుట్టవు. ఇక మిగిలినవి కాపాడుకోవడమే.

85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలకు మించి ఉండకూడదని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినకొద్దీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. వట్టి బాస్‌ను చెవి కొంత ఓర్చుకుంటుంది గానీ, దానికి తగ్గట్టు మిగతా స్పీకర్లు కూడా పెంచుతాం కదా!

మరో మాట. సన్నని శబ్దాలను గోడలు చాలావరకు ఆపుతాయి. బాస్‌ను ఆపలేవు. ఒక రాత్రి గేటు బయట ఒక కారు ఆగి మోగుతుంటే, ఆపరేషన్ అయిన ఒక తల్లి మంచం పక్కన కిటికీ అద్దాలు అదిరాయి. అప్పుడే కునుకు పట్టిన ఆమె ఉలిక్కిపడి లేచింది, కుట్ల నొప్పితో మళ్లీ తెల్లవారేదాకా పడుకోలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో నిశ్శబ్ద మండలానికి పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ పరిమితి ఉంది. ఆ కారులోని పిల్లవాడికి అది తెలియకపోవచ్చు. లోపల మంచం మీద ఎవరున్నారో కూడా తెలియదు. అంబులెన్సు వెనకే వచ్చినా వాడికి వినబడేది కాదు.

పాట వద్దని నేననను. కారు అద్దాలు ఎక్కించుకుని, పక్క సీటులోని మనిషి మామూలు గొంతుతో మాట్లాడితే వినబడేంత సౌండుతో వినండి. చెవిలో గుయ్‌మనడం ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే వినికిడి పరీక్ష చేయించుకోండి. ఒక్కసారిగా వినికిడి తగ్గితే ఆ రోజే డాక్టరు దగ్గరికి రండి.

మావాడు మొన్న వచ్చినప్పుడు గేటు దగ్గరే పాట ఆపి లోపలికి వచ్చాడు. "గెయిన్ ఇంకొంచెం తగ్గించానత్తా" అన్నాడు. చెవిలో మోత మాత్రం పూర్తిగా పోలేదట.