మిషను కోసం మంచం మీద ఎదురుచూడవద్దు



"సిస్టరమ్మా, పట్నంలో రోబో మిషను ఉందట. అందులో నిలబెడితే మా నాన్న నడిచేస్తాడటగా?" పక్షవాతం వచ్చిన ఇళ్లవారు సెల్‌ఫోనులో వీడియో చూపించి ఈ మధ్య మమ్మల్ని అడుగుతున్న మాట ఇది. అడిగినవారికి జవాబు చెప్పగలము. అడగకుండా, బంగారం తాకట్టు పెట్టి డబ్బు కూడేదాకా రోగిని మంచం మీదే ఉంచేవారిని గురించే మా బాధ.

ఆ మిషను బూటకం కాదు. రోగిని పట్టీలతో పైనుంచి వేలాడదీసి, కదిలే పట్టా మీద నిలబెట్టి, తుంటిని, మోకాలిని మోటార్లతో నడక తీరున కదిలిస్తుంది. ఒక్క పూటలో వందల అడుగులు వేయిస్తుంది. దెబ్బతిన్న మెదడు నడకను మళ్లీ నేర్చుకునేది చేసిందే చేయడం వల్ల. అనేక దేశాల పరీక్షలను కలిపి చూస్తే, ఫిజియోథెరపీతో పాటు మిషను కూడా వాడినవారిలో సొంతంగా నడవగలిగినవారు ఎక్కువ. అయితే ఆ లాభం ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, అప్పటికి నడవలేని స్థితిలో ఉన్నవారికి. ఆ మూడు నెలలూ డబ్బు కూడబెట్టడానికో, పావురం రక్తం రాయించడానికో పోతే తర్వాత ఏ మిషను మాత్రం ఏమి చేస్తుంది?

మేలు చేసే పరికరం పెద్దదే కానక్కరలేదు. 1990లలో హైదరాబాదు నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు అబ్దుల్ కలాం గారి ప్రయోగశాలకు వెళ్లి, అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని చేతితో ఎత్తి చూశారు. అప్పటికి పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ తిరిగేవారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైందని కలాం గారే చెప్పేవారు. అందులో మోటారు లేదు. పాదం నేలను నొక్కినప్పుడు నేల తిరిగి నెడుతుంది కదా, ఆ బలమే మోకాలి కింద ముందువైపున్న పలక ద్వారా కాలిని వెనక్కి నెట్టి, మోకాలు మడతపడకుండా ఆపుతుంది. తొడ మీద చెయ్యి ఆనించి కుంటే బిడ్డకు ఆ చెయ్యి ఖాళీ అవుతుంది.

ఒళ్లు ఎలా కదులుతుందో తెలిస్తే మీ ఇంట్లోనూ ఇలాంటి మేలు జరుగుతుంది. కుక్కి మంచంలో నడుము కిందికి దిగిపోతుంది, అందులోంచి లేవడం ఆరోగ్యవంతుడికే కష్టం. మోకాళ్ల కన్నా కొంచెం ఎత్తుగా, గట్టిగా ఉన్న బల్ల మీద కూర్చోబెట్టండి. పాదాలు రెండూ నేలకు ఆని, మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి ఉండాలి. ముందుకు వంగమనండి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చాక లేవమనండి. మీరు పడిపోయిన వైపే నిలబడి నడుము దగ్గర పట్టుకోండి. ఆ చెయ్యి మాత్రం పట్టి లాగవద్దు, కీలు జారి భుజం జీవితాంతం నొప్పి పెడుతుంది. నడక మొదట సిమెంటు అరుగు మీదే. మన భావనపాడు ఇసుకలో పాదం దిగబడుతుంది, వేళ్లు ఈడ్చేవాడు బోర్లా పడతాడు. ఇవన్నీ డాక్టరుగారు బి.పి. చూసి సరే అన్న తర్వాతనే సుమా.

మేము కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో రోగిని కదలనివ్వకుండా, ముద్దలు కలిపి నోట్లో పెట్టి, గొప్ప సేవ చేశామనుకున్నవాళ్లమే. ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్లు దండం పెట్టేవారు. భుజం బిగుసుకుపోయి, మడమ పుండు పడి మళ్లీ వచ్చేవారు.

మిషను ఉన్నచోటికి వెళ్లే స్తోమత ఉంటే తప్పక వెళ్లండి. జబ్బు వచ్చి ఎన్ని వారాలైందో చెప్పి, దానితో పాటు ఫిజియోథెరపీ చేయిస్తారా, ఎన్ని రోజులు రావాలి అని ముందే అడగండి. అప్పు ఆ తర్వాత చేయవచ్చు.

ఇంకొక మాట. డిశ్చార్జి రోజున, రోగి దగ్గర రోజూ ఉండే కొడుకో కోడలో రావాలి. వీధిలోని పెద్దమనిషి వచ్చి బిల్లు కట్టి, తలూపి వెళ్లిపోతే, లేవదీయడం మేము ఎవరికి నేర్పేది?