కాలి జబ్బు ఒక్కడి బాధ కాదు



కార్ఖానాలో ఎవరి చెయ్యి నలిగినా మనం పరుగెత్తుతాం. షటిల్ ఎగిరి ఎవరి కంటికి తగిలినా సాంచాలు ఆపి నలుగురం పోగవుతాం. కాని పక్క సాంచా మీద పనిచేసే మనిషి కాలు పదేళ్ళుగా కొద్దికొద్దిగా చెడిపోతుంటే మాత్రం మన కంటికి ఆనదు. ధోతీ కిందో, ప్యాంటు కిందో ఆ కాలు దాగి ఉంటుంది. పుండు పడి, వాసన వచ్చి, పనికి రాలేని రోజున గాని విషయం బయటపడదు. అప్పటికి చేతిలో డబ్బూ ఉండదు, కాలూ మిగలదు.

షోలాపూర్, భివండి వంటి చోట్ల మన తెలుగు కార్మికులు అధిక సంఖ్యలో సాంచాల మీద బతుకుతున్నారు. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె తర్వాత పెద్ద మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, నేత పని చిన్న షెడ్లకు తరలిపోయింది. మిల్లుతో పాటు ఎనిమిది గంటల షిఫ్టూ, మిల్లు దవాఖానా కూడా పోయాయి. ఇప్పుడు చాలా షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టు. ఆ పన్నెండు గంటలూ నిలబడే ఉండాలి. ఈ సంచికలో కాళ్ళ గురించి రాయడానికి కారణం ఇదే.

ముందుగా ఒక మాట సరిచేసుకుందాం. కాలు గుంజినా, ఉబ్బినా, మంట పెట్టినా మనం “నరాల జబ్బు” అంటాం. ఆ మాట విని ఒకరు నూనె మర్దన చెబుతారు, ఒకరు వేడినీళ్ళ కాపడం చెబుతారు, ఇంకొకరు పట్టీ గట్టిగా బిగించమంటారు. నిజానికి మనం చెప్పుకునేది ఎక్కువసార్లు నరాల సంగతి కాదు, రక్తనాళాల సంగతి. అవి రెండు రకాలు. గుండె నుంచి రక్తాన్ని కాలికి తెచ్చేవి ధమనులు. కాలి నుంచి రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చేవి సిరలు. సిరలు చెడితే వచ్చే జబ్బు వేరు, ధమనులు మూసుకుపోతే వచ్చే జబ్బు వేరు. ఒకదానికి మేలుచేసే ఉపచారం ఇంకొకదానికి కీడు చెయ్యవచ్చు. ఈ తేడా తెలియక కాళ్ళు పోగొట్టుకోకూడదనే మా తాపత్రయం.

సిరల సంగతి చూద్దాం. పాదంలోని రక్తం కింద నుంచి పైకి ఎక్కాలి. అందుకోసం సిరల లోపల చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. అవి రక్తాన్ని పైకి పోనిస్తాయి, కిందికి జారనివ్వవు. పైకి తోసే పని మాత్రం పిక్క కండరానిది. మనిషి నడిచినప్పుడల్లా పిక్క బిగుసుకుని, సడలి, బోరింగు పంపులా రక్తాన్ని ఎత్తిపోస్తుంది. కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది. రక్తం కిందనే నిలిచిపోతుంది. ఏళ్ళ తరబడి ఆ బరువు మోసి కవాటాలు చెడిపోతాయి. అప్పుడు పిక్క మీద సిరలు తాళ్ళలా మెలికలు తిరిగి ఉబ్బుతాయి. సాయంత్రానికి చీలమండ వాస్తుంది. లోపలి చీలమండ పైన చర్మం నల్లబడి దురద పెడుతుంది. ఒకనాడు చిన్న దెబ్బ తగిలి, అదే మానని పుండవుతుంది. ఈ జబ్బు వంశంలో ఉన్నవారికి, కాన్పులైన స్త్రీలకు, బరువు ఎక్కువ ఉన్నవారికి వచ్చే అవకాశం ఎక్కువ. నిలువు ఉద్యోగం దానికి తోడవుతుంది.

“రోజుకు పన్నెండు గంటలు కాళ్ళ మీదే ఉంటున్నాం, మళ్ళీ మాకు వ్యాయామం ఎందుకు?” అని మన సభ్యులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని నిలబడటం వేరు, నడవడం వేరు. సాంచాల నడుమ ఇరుకు సందులో నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు వేసి, తెగిన పోగు దగ్గర వంగి నిలబడితే కాలు అలుస్తుందే గాని పిక్క పంపు సరిగ్గా ఆడదు. అందువల్ల సిరల జబ్బు ఉన్నవారు పనిలో ఉండగానే గంటకొకసారి పదీ పదిహేను మార్లు మునివేళ్ళ మీద లేచి మడమలు దించాలి. కూర్చున్నప్పుడు పాదాన్ని పైకీ కిందికీ ఆడించాలి. పని అయ్యాక ఒక అరగంట చేతులూపుకుంటూ నడవాలి. ఇంట్లో రోజుకు రెండు మూడు సార్లు పడుకుని, కాళ్ళ కింద దిండ్లు పెట్టి, గుండె కన్నా ఎత్తులో పదిహేను ఇరవై నిమిషాలు ఉంచాలి. డాక్టరు చెబితే పొద్దున మంచం దిగకముందే కాలివేళ్ళ మొదలు నుంచి మోకాలి కింది వరకు క్రేప్ బ్యాండేజీ చుట్టాలి. కింద బిగువుగా, పైకి పోయేకొద్దీ కాస్త వదులుగా ఉండాలి. పైన బిగువై కింద వదులైతే వాపు ఎక్కువవుతుంది. వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పెయ్యాలి.

ఇక రెండవది, ధమనుల జబ్బు. గుర్తు తేలిక. కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది, మళ్ళీ అంతే దూరం నడిస్తే మళ్ళీ పడుతుంది. కాలికి రక్తం చాలడం లేదని దాని అర్థం. జబ్బు ముదిరితే రాత్రి పడుకున్నప్పుడు పాదం మంటలు పుడుతుంది, మంచం మీది నుంచి కాలు కిందికి వేలాడేస్తే ఉపశమనంగా ఉంటుంది. వేళ్ళ కొసల పుండ్లు, వేలు నల్లబడటం చివరి హెచ్చరికలు. ఈ కాలికి గట్టి బ్యాండేజీ చుట్టకూడదు, దిండ్ల మీద ఎత్తి పెట్టకూడదు. అసలే చాలని రక్తం ఇంకా తగ్గిపోతుంది. అందుకే ఏ కాలికైనా బ్యాండేజీ చుట్టే ముందు పాదం మీద నాడి చూడమని డాక్టరును అడగండి. చేతికీ చీలమండకూ బీపీ చూసి పోల్చే పరీక్ష ఒకటుంది. చీలమండ బీపీ చేతి బీపీలో 0.9 వంతు గాని అంతకన్నా తక్కువ గాని ఉంటే ధమని ఇరుకైందని లెక్క. కోత లేదు, సూది లేదు. అడగడానికి మొహమాటపడవద్దు.

ఈ జబ్బులో నడకే మందు అంటే నమ్మబుద్ధి కాదు. నడిస్తే కదా నొప్పి! కాని వైద్యులు చెప్పే పద్ధతి ఇది. నొప్పి బాగా తెలిసే వరకు నడవాలి. ఆగాలి. నొప్పి పూర్తిగా పోయాక మళ్ళీ నడవాలి. ఇలా నడుస్తూ ఆగుతూ అరగంట నుంచి ముప్పావు గంట వరకు, వారంలో కనీసం మూడు రోజులు, మూడు నెలలు తగ్గకుండా చెయ్యాలి. వచ్చే కొద్దిపాటి రక్తంతోనే పని నడిపించుకోవడం కండరం నేర్చుకుంటుంది, నొప్పి లేకుండా నడిచే దూరం పెరుగుతుంది. అయితే పడుకున్నా నొప్పి ఉన్నవారు, పాదం మీద పుండు ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇది మొదలుపెట్టరాదు.

ధమనుల జబ్బు మాట వచ్చినప్పుడు పొగాకు మాట దాటవేయలేము. షోలాపూర్‌లో ఎన్నో ఇళ్ళలో మగవాడు సాంచా మీద ఉంటే, ఇల్లాలు బీడీ చేట ముందు ఉంటుంది. బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్ళ కూలి కోసం మన ఉద్యమాలు పోరాడాయి, ఇక ముందూ పోరాడతాయి. వారి కూలిని కాపాడాలి అంటున్నామంటే మన వాళ్ళ కాళ్ళు బీడీకి బలి కావాలని అర్థం కాదు. 1908లో లియో బర్జర్ అనే వైద్యుడు వివరంగా రాసిన జబ్బు ఒకటుంది. ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. పొగాకు వాడేవారికి, అందులోనూ నలభై అయిదేళ్ళ లోపు మగవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. చేతులూ కాళ్ళ చిన్న రక్తనాళాలు మూసుకుపోయి వేళ్ళు కుళ్ళుతాయి. మందులు ఎన్ని వాడినా పొగాకు పూర్తిగా మానితే తప్ప అది ఆగదు. రోజుకు ఒకటి రెండు బీడీలైనా జబ్బు నడుస్తూనే ఉంటుంది. జర్దా, గుట్కా, మిశ్రీ కూడా పొగాకే. మానలేకపోవడం సిగ్గుపడే విషయం కాదు, అదొక వ్యసనం, దానికీ వైద్యముంది. పొగాకు పెట్టెల మీద ముద్రించే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా సలహా ఇస్తారు. షుగరు ఉన్నవారు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కాలికి పుండు పడ్డవారి సేవ మన ఇళ్ళలో ఎవరు చేస్తున్నారు? భార్య, తల్లి, కూతురు. వారికి ఎవరూ ఏమీ నేర్పలేదు. నర్సు ఒక్కసారి చేసి చూపితే వాళ్ళు చక్కగా చెయ్యగలరు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కాచి చల్లార్చిన నీళ్ళతో పుండు కడగాలి. శుభ్రమైన గాజుగుడ్డ కట్టాలి. పసుపు, సున్నం, తంబాకు పొడి, ఆకు పసర్లు పెట్టకూడదు. వారానికొకసారి పుండు పొడవు వెడల్పులు కొలిచి రాసుకుంటే తగ్గుతోందో పెరుగుతోందో తెలుస్తుంది. రెండు వారాల్లో మానే దారి పట్టని కాలి పుండును పెద్ద ఆస్పత్రిలో చూపించాలి. పుండు లేనివారు కూడా రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరికాలు చూసుకోవాలి. ధమనుల జబ్బు, షుగరు ఉన్నవారు వేడినీళ్ళ కాపడం పెట్టుకోవద్దు. స్పర్శ తగ్గిన కాలు కాలినా తెలియదు. కార్ఖానాలో చెప్పులు లేకుండా తిరగవద్దు.

నాలుగు ప్రమాద సూచనలు అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, కాలు ఉన్నట్టుండి తెల్లబడి, చల్లబడి, విపరీతంగా నొప్పి పెట్టి మొద్దుబారితే గంటల్లోనే ఆస్పత్రి చేరాలి, తెల్లవారేదాకా ఆగితే కాలు దక్కకపోవచ్చు. రెండు, ఒకే కాలు హఠాత్తుగా వాచి పిక్క నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని మర్దన చెయ్యకూడదు. దానికి తోడు ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. మూడు, ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే మనిషిని పడుకోబెట్టి, కాలు ఎత్తి, శుభ్రమైన గుడ్డతో ఆ చోటే గట్టిగా అదిమిపట్టి ఆస్పత్రికి తీసుకుపోవాలి. నాలుగు, వేలు నల్లబడితే ఇంట్లో ఏ చికిత్సా చెయ్యకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. కాళ్ళు ఎత్తి పడుకోమంటే తీరిక ఎక్కడిది? నడవమంటే పన్నెండు గంటల తర్వాత ఓపిక ఎక్కడిది? డ్రెస్సింగుకు పొమ్మంటే ఆ రోజు కూలి ఎవరిస్తారు? కనుక ఇది డాక్టరూ రోగీ తేల్చుకునే వ్యవహారంగా వదిలేయడానికి వీల్లేదు. ఇది యూనియన్ తలకెత్తుకోవలసిన సమస్య.

నిలబడి పనిచేసే కార్మికులకు పని మధ్యలో వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనే చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఆ మాట ఉంది. 2021లో తమిళనాడు ప్రభుత్వం దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు ఇస్తూ చట్టం సవరించింది. చీరల దుకాణంలో అమ్మే మనిషికి ఉన్న హక్కు ఆ చీరను నేసే మనిషికి అక్కరలేదా? ఒక స్టూలు ఖరీదెంత? సాంచా నడుస్తుండగా రెండు నిమిషాలు కూర్చుంటే సేటు సొమ్ము ఏం పోతుంది?

ఈ.ఎస్.ఐ. సంగతీ అంతే. పదిమంది పనిచేసే చోట అది వర్తిస్తుంది. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా కూలిలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఆ చందా సరిగ్గా కట్టి ఉంటే జబ్బు పడిన కార్మికుడికి సంవత్సరంలో 91 రోజుల వరకు సగటు కూలిలో 70 శాతం అందుతుంది. పుండు మానడానికి కావలసిన ఆ విశ్రాంతి ఈ డబ్బుతోనే సాధ్యం. కాని ఒకే కప్పు కింది సాంచాలను నలుగురు బంధువుల పేర్ల మీద విడగొట్టి, ఎక్కడా పదిమంది లేరని కాగితాల మీద చూపించే యజమానులు మనకు తెలుసు. ఆ ఎత్తుగడను కలిసికట్టుగా బయటపెట్టాలి. ఈ.ఎస్.ఐ. లేనివారు రేషన్ కార్డు, ఆధార్ కార్డు పట్టుకుని మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన ఉన్న ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవాలి. దూది దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. నిలబడి నిలబడి వచ్చే కాలి జబ్బుకు అందులో చోటు లేదు. దాని కోసమూ గొంతెత్తాలి.

కనుక మేము ఈ కింది కోర్కెలు ముందుంచుతున్నాము. ప్రతి షెడ్డులో సాంచాల వరస చివర కూర్చునే స్టూళ్ళు వెయ్యాలి. డ్రెస్సింగుకు వెళ్ళిన పూటకు కూలి కొయ్యరాదు. పుండు మాని తిరిగి వచ్చిన మనిషిని పని నుంచి తీసెయ్యకుండా, కండెలు చుట్టే పని వంటి కూర్చుని చేసే పని ఇవ్వాలి. ఈ.ఎస్.ఐ. దవాఖానాలో వారానికొక రోజైనా కాళ్ళ పరీక్ష, డ్రెస్సింగు, ఇంటివారికి నేర్పే ఏర్పాటు ఉండాలి.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి కార్ఖానా కమిటీ తన షెడ్డులో కాలి బాధ ఉన్నవారి పేర్లు రాసుకుని, వారిని డాక్టరు దగ్గరికి వెంట తీసుకుపోవాలి. డాక్టరు నడవమన్నవారు ఒంటరిగా నడిస్తే వారంలో మానేస్తారు, నలుగురు కలిస్తే మూడు నెలలు నిలుస్తారు. సెలవు రోజున ఆ నలుగురినీ కూడగట్టే బాధ్యత కమిటీలదే. మన ఊరేగింపుల్లో మైళ్ళకు మైళ్ళు నడిచిన కాళ్ళివి. వాటిని కాపాడుకోవడం కూడా ఉద్యమంలో భాగమే.

ఈ రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళాక దీపం దగ్గర కూర్చుని రెండు పాదాలూ ఒకసారి చూసుకోండి. నలుపు గాని, వాపు గాని, పుండు గాని కనిపిస్తే దాచుకోకుండా రేపే మీ కమిటీ సభ్యుడికి చెప్పండి.