పాత గది కొనుటకు ముందు

కామాఠీపుర చాళ్లలో గది కొంటిమని మనవారు చెప్పుకొనుచుందురు. నిజమునకు కొనునది ఇల్లు కాదు. పగడీ యిచ్చి పొందు అద్దె హక్కు మాత్రమే. గోడలును నేలయు యజమానివే. కావున ముందుగా చూడవలసినది గోడల సున్నము కాదు, అద్దె రశీదు. అది గతించిన తండ్రి పేరనే యుండి, కుమారులలో నొకడు అమ్మజూపినచో, తక్కినవారి సమ్మతి వ్రాతలో లేనిదే బయానా యీయరాదు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము పగడీని అంగీకరించినది. అయినను యజమాని సమ్మతిని వ్రాయించుకొని, ఒప్పందమును రిజిస్టరు చేయింపవలెను. బట్ట కొనునపుడు గజము గజము కొలుచు మనవారు, ఇంటి నగలు కుదువబెట్టి తెచ్చిన సొమ్మును నోటిమాటపై పోయుట మాకు వింతగా నున్నది.

పిమ్మట కట్టడము. వానకాలమునకు ముందు మ్హాడా మరమ్మతుల మండలి ప్రకటించు ప్రమాదకర భవనముల జాబితాను చూడుడు. ఉమ్మడి మరుగుదొడ్ల ప్రక్క గోడను, దూలములు గోడలో దిగు చోట్లను తడిమి చూడుడు. చెమ్మ అచ్చటనే చేరును.

పునర్నిర్మాణములో క్రొత్త యిల్లు వచ్చునని దళారులు ఆశ పెట్టుదురు. 1996 జూన్ 13 తరువాత క్రొత్తగా పుట్టించిన అద్దె హక్కు ఆ లెక్కకు రాదు. ఒక గదిని నడుమ పలకతో రెండు చేసి యమ్మువారిని ఈ తేదీ అడుగుడు.